ఐ3-12100 మేలా, రైజెన్ 5600జీ మేలా? ముందు ర్యామ్ సంగతి తేల్చుకోండి

గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఇంటికో కంప్యూటర్ కట్టించుకోవాలంటే ఇంటెల్ ఐ3-12100 ప్రాసెసర్ తీసుకోవాలా, ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకోవాలా? పిల్లల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దగ్గర పడితే చాలు, నన్ను అడిగేవాళ్లందరిదీ ఇదే ప్రశ్న. ర్యామ్ చవగ్గా ఉన్న రోజుల్లో అయితే ఆలోచించకుండా 5600జీ అనేవాణ్ణి. ఇప్పుడు అనను. ఈమధ్య మా మేనల్లుడికి కట్టించినప్పుడు ఐ3నే తీసుకున్నాం. రెండు చిప్పులూ అవే పాత చిప్పులు. మారిందల్లా ర్యామ్ రేటు.

కాగితం మీద చూస్తే 5600జీదే పైచేయి. దానికి ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). ఐ3కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 5600జీలోని వేగా గ్రాఫిక్స్ ముందు ఐ3లోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ తేలిపోతుంది. ఒక్కో కోర్ వేగంలో మాత్రం ఐ3 ముందుంది. బ్రౌజర్, ఎక్సెల్, ట్యాలీ లాంటి రోజువారీ పనుల్లో పనికొచ్చేది ఆ వేగమే. ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలను ఏవీ1 ఫార్మాట్‌లో పంపుతోంది. దాన్ని డీకోడ్ చేసే (విప్పి బొమ్మగా మార్చే) హార్డ్‌వేర్ ఐ3లో ఉంది, 5600జీలో లేదు. అక్కడ ఆ పని కోర్లే చేసుకోవాలి. చేస్తాయి, వీడియో ఏమీ ఆగిపోదు. కానీ పాఠాలు వినడానికే కొంటున్న కంప్యూటర్‌కి ఆ శ్రమ ఎందుకు?

అసలు లెక్క ర్యామ్ దగ్గర తేలుతుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ దెబ్బకు మెమరీ ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి. ఆ డిసెంబర్‌లోనే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు ర్యామ్ అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది. ఒకప్పుడు కొటేషన్‌లో ఎవరూ బేరమాడని ఐటమ్ ఇప్పుడు బడ్జెట్‌ని తినేస్తోంది.

వేగా గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, మీరు కొన్న ర్యామ్‌లోంచే వాడుకోవాలి. అందులోనూ రెండు ఇబ్బందులు. మొదటిది పరిమాణం. బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) గ్రాఫిక్స్‌కి 2 జీబీ కేటాయిస్తే, 8 జీబీ స్టిక్‌లో (ర్యామ్ పట్టీలో) విండోస్‌కి మిగిలేది ఆరే. రెండోది వేగం. డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం) 3200 స్పీడు స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ డేటా నడుస్తుంది. రెండు స్టిక్కులు డ్యుయల్ ఛానెల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి) పనిచేస్తే 51.2 జీబీ. ఒక్క స్టిక్‌తో వేగాని నడపడమంటే పెద్ద ట్యాంకుకి అరంగుళం పైపు బిగించడమే. 16 జీబీ స్టిక్ ఒకటి కొనేకంటే 8 జీబీవి రెండు వేస్తే ఆటల్లో ఫ్రేములు బాగా పెరుగుతాయి. ఐ3లోని గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కానీ, దాంతో ఆటలాడాలని ఎవరూ కొనరు. డెస్క్‌టాప్ చూపించడానికి, వీడియో నడపడానికి ఒక్క స్టిక్ చాలు.

అందుకే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కౌంటర్ వెనకనుంచి వినపడే మాట, "ప్రస్తుతానికి ఒక్క స్టిక్ వేసుకోండి సార్, రేటు తగ్గాక ఇంకోటి వేసుకోవచ్చు" అనేది, ఐ3 కొనేవాడికి బంగారం లాంటి సలహా. 5600జీ కొనేవాడికి మాత్రం అది నష్టమే. ఏ గ్రాఫిక్స్ కోసం ఆ చిప్ ఎంచుకున్నాడో, అదే సగం మెమరీ వేగంతో నడుస్తుంది. పైగా ర్యామ్ రేటు ఎప్పుడు తగ్గాలి?

గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొంటాం అనేవాళ్లకూ నా ఓటు ఐ3కే. కార్డుని బోర్డుకి కలిపే పీసీఐఈ దారి విషయంలో 5600జీ పాత 3.0 దగ్గరే ఆగిపోయింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చవక కార్డులు ఆ దారిలో నాలుగు లేన్లే (వరసలే) వాడతాయి కాబట్టి, 3.0 మీద వాటి పనితీరు పడిపోతుంది. ఐ3కి ఆ బెంగ లేదు. కోర్లు చాలకపోతే ఐ3కి వేసిన అదే హెచ్610 మదర్‌బోర్డు మీద ఐ5-12400 వేసుకోవచ్చు. 5600జీ కూర్చునే ఏఎం4 బోర్డు మీద కూడా రైజెన్ 5700ఎక్స్ లాంటివి పడతాయి కాబట్టి ఈ విషయంలో ఇద్దరూ సమానమే. రెండు సాకెట్లకీ (ప్రాసెసర్ కూర్చునే చోట్లకీ) కొత్త తరం ప్రాసెసర్లు రావు.

ఐ3 తీసుకునేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. పేరు చివర ఎఫ్ ఉన్న 12100ఎఫ్ కాస్త తక్కువకి ఇస్తామంటారు. దాంట్లో గ్రాఫిక్స్ లేదు, మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే బొమ్మ రాదు. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వీ, డీడీఆర్5వీ రెండూ ఉన్నాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దిగదు. డబ్బా మీద డీడీఆర్4 అనో డీ4 అనో ఉందేమో చూశాకే డబ్బు కట్టండి. ట్రే ప్రాసెసర్‌తో (డబ్బా లేకుండా విడిగా అమ్మేదాంతో) కూలర్ రాదు, డబ్బాలో ఉన్నదే అడగండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఏఎండీ రైజెన్ 8500జీతో, దాని కొత్త సాకెట్ ఏఎం5 మీద కట్టించుకుంటే రేపు పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చు గానీ, డీడీఆర్5 తప్పనిసరి. చేతిలో డబ్బుంటే చూడండి. ఇంటెల్ పెంటియం జీ7400కి రెండే కోర్లు, వద్దు. ఆఫీసుల్లోంచి వచ్చే సెకండ్ హ్యాండ్ సెట్లు ర్యామ్‌తో సహా వస్తాయి కాబట్టి ఇప్పుడు వాటికి గిరాకీ. అయితే ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే ముట్టుకోకండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఆ పాత చిప్పులను ఒప్పుకోదు.

ఏది కొన్నా కేబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) వద్దు. కరెంటు హెచ్చుతగ్గులుండే ఊళ్లో 450 వాట్ల బ్రాంజ్ రేటింగ్‌దొకటి పెట్టుకుని, పక్కన యూపీఎస్ పెట్టండి. ఆ డబ్బు కోసం ఎస్ఎస్‌డీ 1 టీబీకి బదులు 500 జీబీకి దించుకున్నా పర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం నేనూ 5600జీ అనే అంటాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ నొక్కండి. ర్యామ్ డీడీఆర్4 అయి, స్లాట్లు రెండు వాడుకలో ఉన్నట్టు చూపిస్తే ఆ స్టిక్కులు తీసి కొత్త బోర్డులో పెట్టుకోవచ్చు. అవి 2400 స్పీడువైనా, 3200 స్టిక్ ఒక్కటి ఇచ్చేదానికంటే రెండూ కలిసి ఇచ్చేదే ఎక్కువ. ల్యాప్‌టాప్ ర్యామ్ మాత్రం డెస్క్‌టాప్ బోర్డుకి పట్టదు. ర్యామ్ ఖర్చు అలా తప్పినప్పుడు, ఇంట్లో వాలరెంట్, జీటీఏ 5 ఆడే కుర్రాడుంటే, ఆరు కోర్లూ వేగా గ్రాఫిక్సూ వదులుకోవడం దండగ.