బీఎస్ఏ ఎం20: ముస్తాబు చేసిన బండా, తుప్పు పట్టిన బండా?

బీఎస్ఏ ఎం20 అనే పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ కొనాలనుకుంటున్నారా? వేగం కావాలంటే దాని జోలికి పోవద్దు. 496 సీసీ సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండరు పక్కన ఉండే పాత రకం) ఇంజను, ఒకే సిలిండరు, 13 హార్స్‌పవర్. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర హాయిగా ఉంటుంది, పైన గోల. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం లక్షా పాతికవేలకు పైగా తయారైన బండి ఇది. విజయనగరం నుంచి గజపతినగరం దాకా తీరిగ్గా వెళ్లొచ్చేవాళ్లకి బాగుంటుంది.

అమ్మేవాళ్లు "కస్టమ్" అని చూపించేదాంట్లో సాధారణంగా వెనక ఫ్రేము కోసేసి ఉంటుంది, ముందు చక్రాన్ని పట్టుకునే పాతకాలపు గిర్డర్ ఫోర్కు పోయి బుల్లెట్ ఫోర్కు వచ్చి ఉంటుంది. చూడ్డానికి భలేగా ఉంటుంది, చిక్కంతా కాగితాల దగ్గరే. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నదే వింటేజ్ బండి. రిజిస్ట్రేషన్ 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అలాగని రోజూ తిప్పడానికి కాదు. కోసిన ఫ్రేముకి ఆ దారి మూసుకుపోయినట్టే. ఇంజను నంబరు, ఫ్రేము నంబరు ఒకటి కాలేదని మాత్రం కంగారొద్దు, సైన్యం ఎం20లకి ఫ్యాక్టరీలోనే వేరువేరు. రెండూ ఆర్సీతో విడివిడిగా కలవాలి.

కొనేముందు ఇంజను ఆడుతుండగా ఆయిల్ ట్యాంకు మూత తీయండి. ఇంజను నుంచి నూనె తిరిగొచ్చే రిటర్న్ పైపులోంచి అది ఉమ్ముతూ పడాలి. పడకపోతే వెంటనే ఆపించండి. ఇది డ్రై సంప్ ఇంజను, నూనె వేరే ట్యాంకులో ఉంటుంది. నెలల తరబడి నిలబెడితే పంపు దగ్గరున్న బాల్ వాల్వు సరిగ్గా కూర్చోక నూనంతా కిందికి, ఇంజను అడుగున ఉన్న సంప్‌లోకి దిగిపోతుంది. కిక్కు బరువెక్కుతుంది, స్టార్టయితే సైలెన్సరు దట్టంగా పొగ కక్కుతుంది. "పిస్టన్ రింగులు పోయాయి" అని మెకానిక్కులు ఇంజను విప్పించేది ఇక్కడే! ముందు సంప్ ప్లగ్గు విప్పి నూనె దించండి, కొత్త బాల్ వేసి సీటు శుభ్రం చేయించండి. చాలాసార్లు అంతే.

చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే లేచి, వేడెక్కాక ఆగిపోయి, అరగంట తర్వాత మళ్లీ లేస్తోందా? కార్బురేటర్ని తిట్టకండి. ప్లగ్గుకి స్పార్కు, లైట్లకి కరెంటు ఇచ్చే లూకాస్ మాగ్డైనోలో చాలావరకు కండెన్సరు పోయి ఉంటుంది. వైండింగ్ ఎలాగూ బయటికి తీస్తారు కాబట్టి అదీ కొత్తగా చుట్టించేయండి.

లారీల ఊరు సాలూరులో వెల్డింగుకి, పెయింటుకి మంచి చేతులు దొరుకుతాయి. మరలు మాత్రం మీరే దగ్గరుండి చూసుకోవాలి. ఈ బండివి చాలావరకు సైకిల్ థ్రెడ్లు, అంగుళానికి 26 చుట్లు. 5/16 అంగుళమంటే 7.94 మిల్లీమీటర్లు. లేతు షాపులో దాన్ని 8 మిల్లీమీటర్లే అనుకుని టాపు (మర కోసే పనిముట్టు) దించేస్తారు. ఆ మర పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 1.25 మిల్లీమీటర్లు, దీనిది 0.98. బోల్టు రెండు చుట్లు తిరిగి బిగిసినట్టే ఉంటుంది, వైబ్రేషన్‌కి ఊడొస్తుంది. విట్‌వర్త్ పానాల సెట్టు ముందే కొనుక్కోండి, మిల్లీమీటరు పానాతో బోల్టు తలలు గుండ్రమైపోతాయి.

సిలిండరు బోరు, అంటే లోపలి వ్యాసం, 82 మిల్లీమీటర్లు. పిస్టను చేతికొచ్చాకే బోరింగుకి ఇవ్వండి, ముందు కాదు. బ్యాటరీ ప్లస్ బాడీకి వెళ్తుందో, మైనస్ వెళ్తుందో ముందే చూసుకోండి. మామూలు ఎలక్ట్రీషియన్‌కి ఇది రాసిచ్చినా నష్టం లేదు.

తుప్పుకి బేరమాడొచ్చు. గిర్డర్ ఫోర్కో, మాగ్డైనోనో లేని బండి సగం ధరకిచ్చినా ఖరీదే.