ఏనుగు కథా, గద్దల కథా? ఆస్కార్ దాకా వెళ్లిన రెండు డాక్యుమెంటరీల్లో ఏది మేలు?

2023 మార్చి 13, సోమవారం పొద్దున మన తెలుగువాళ్లు టీవీల ముందు కూర్చున్నది ‘నాటు నాటు’ కోసం. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కి ఆస్కార్ అందుకున్నారు. ఆ సంబరంలో పడి, అదే వేడుకలో ఇంకో రెండు మన దేశపు సినిమాలు పోటీలో ఉన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు. కార్తికీ గొన్సాల్వెస్ తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కి షార్ట్ డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది. శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ పూర్తి నిడివి డాక్యుమెంటరీల్లో పోటీపడింది కానీ, అవార్డు ‘నవాల్నీ’ అనే ఇంకో డాక్యుమెంటరీకి పోయింది.

గెలిచినదాన్ని తర్వాతైనా బోలెడుమంది చూశారు. ఓడినదాన్ని చూసినవాళ్లు నా ఫ్రెండ్స్‌లో ఒకరిద్దరు కూడా లేరు. నా మటుకు ఆ ఓడిన సినిమానే గొప్పది. ఎందుకో చెబుతాను.

ముందుగా ఒక మాట. నేను మాస్ సినిమా అభిమానిని. ఆర్‌ఆర్‌ఆర్ ఇంటర్వెల్‌లో భీమ్ లారీలోంచి పులులతో, చిరుతలతో దూకినప్పుడు థియేటర్‌లో ఈల వేసినవాణ్ణి. శ్రీనివాస్ మోహన్ బృందం గ్రాఫిక్స్‌తో పుట్టించిన ఆ జంతువులంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. డాక్యుమెంటరీ అంటే పాఠం, బోర్ అని దూరం పెట్టేవాళ్లలో ఎక్కువమంది నాలాంటి ప్రేక్షకులే. అందుకే ఈ రెండింటినీ ఒక సినిమా అభిమాని కళ్లతోనే పోలుస్తున్నాను.

‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ నలభై నిమిషాల సినిమా. నీలగిరుల్లో, ముదుమలై పులుల అభయారణ్యంలో తెప్పకాడు ఏనుగుల శిబిరం ఉంది. కాట్టునాయకన్ తెగకు చెందిన బొమ్మన్, బెల్లి అక్కడ ఏనుగు పిల్లల్ని సాకుతారు. తల్లి కరెంటు షాక్‌తో చనిపోగా, బతుకుతుందో లేదో తెలియని స్థితిలో వచ్చిన గున్న రఘు. తర్వాత అమ్ము అనే ఇంకో గున్న వస్తుంది. బెల్లి మొదటి భర్తని పులి చంపింది, కూతురు కూడా పోయింది. అలాంటి మనిషి ఒక గున్నని ఒళ్లోకి తీసుకోవడం, బొమ్మన్‌ని పెళ్లి చేసుకోవడం, కొన్నాళ్లకి రఘుని ఇంకొకరికి అప్పగించాల్సి రావడం... కథలో దమ్ముంది. ఏటిలో రఘుని పడుకోబెట్టి ఒళ్లు రుద్దే సీన్లు చూస్తుంటే మనసు తేలికవుతుంది. పిల్లలైతే కన్నార్పరు.

నా ఇబ్బందల్లా సంగీతంతో, అందంతో. ప్రతి ఎమోషన్‌కీ ముందే మ్యూజిక్ వచ్చేస్తుంది. ఇక్కడ ఏడవాలి, ఇక్కడ నవ్వాలి అని మనకి చెబుతూనే ఉంటుంది. ప్రతి సాయంత్రమూ బంగారు రంగులోనే ఉంటుంది. రఘుని తీసుకెళ్లిన తర్వాత బొమ్మన్, బెల్లి ముఖాలు చాలు మనకి. వాటిని ఇంకో నిమిషం అలా చూడనిస్తే ఎంత బాగుండేది! సినిమా ఆగదు, అమ్ము దగ్గరికి వెళ్లిపోతుంది.

‘ఆల్ దట్ బ్రీత్స్’ దీనికి పూర్తిగా వేరు. మొదటి షాటే చూడండి. ఢిల్లీలో రాత్రిపూట ఖాళీ జాగా, కెమెరా నేల మీదే ఉంటుంది. చెత్తలో పదులకొద్దీ ఎలుకలు. వెనక రోడ్డు మీద వాహనాల లైట్లు వెళ్తూ ఉంటాయి. కెమెరా తొందరేమీ లేకుండా మెల్లగా జరుగుతూ పోతుంది. నిజం చెప్పాలంటే మొదట చిరాకేస్తుంది. కాసేపటికి ఆ ఎలుకలేం చేస్తున్నాయో గమనించడం మొదలుపెడతాం. మనకి చూడటం నేర్పాకే సినిమా కథలోకి వెళ్తుంది.

కథ నదీమ్, సౌద్ అనే ఇద్దరు అన్నదమ్ములది. ఢిల్లీలోని వజీరాబాద్‌లో ఇరుకు బేస్‌మెంట్. అక్కడే సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే వాళ్ల వ్యాపారం, అక్కడే ఆకాశం నుంచి పడిపోయిన గద్దలకి వైద్యం. గాలిపటాల మాంజా తగిలి రెక్కలు తెగినవి వాటిలో ఎన్నో. మాంసం తినే పక్షి అని పక్షుల ఆసుపత్రి చేర్చుకోకపోతే వీళ్లే వైద్యం మొదలుపెట్టారు. చిన్నప్పుడు బాడీబిల్డింగ్ పిచ్చి ఉండేదట. కండరాల గురించి, నరాల గురించి ఆ పత్రికల్లో చదివిందే గద్ద రెక్క కుట్టడానికి పనికొచ్చింది. ఏ రచయిత రాసినా ఇంత మంచి పాత్ర పరిచయం కుదరదు.

వీళ్ల దగ్గర పనిచేసే సాలిక్ ఇంకా మంచి పాత్ర. మాట్లాడుతుండగా ఒక గద్ద సర్రున వచ్చి అతని కళ్లజోడు ఎత్తుకుపోతుంది. ఇంకోచోట ఆటోలో వెళ్తూ చొక్కా జేబులోంచి ఉడుతని బయటికి తీస్తాడు. ఈ సీన్లకి ముందు మ్యూజిక్ ఏదీ వచ్చి హెచ్చరించదు. మనం ఉలిక్కిపడతాం, నవ్వుతాం. ఆ నవ్వు మన సొంతం.

సినిమా తీస్తున్న రోజుల్లోనే పౌరసత్వ సవరణ చట్టం మీద నిరసనలు, 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ అల్లర్లు జరిగాయి. అవి ఎక్కడా తెరమీదికి ముందుకు రావు. కిటికీలోంచి మైకు గొంతులా, ఫోన్‌లో వార్తలా, ఇంట్లో భయంగా వినిపిస్తాయి. ఆ భయంలోనే అన్నదమ్ములు గద్దలకి మాంసం కోసే మెషిన్ గురించి గొడవపడుతుంటారు. ఒకరికి పక్షుల్ని వదిలి కొన్నాళ్లు విదేశానికి వెళ్లి చదువుకోవాలనుంది, ఇంకొకరికి ఈ పని వదలడం ఇష్టం లేదు. ఎక్కడా ఉపన్యాసం లేదు. కాలుష్యం, రాజకీయం, అన్నదమ్ముల మధ్య దూరం అన్నీ ఆ బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి. గాయపడిన ఒక గద్ద కోసం చలిలో ఏటికి అడ్డంగా ఈదుకుంటూ వెళ్లే సీన్‌లో నాకు కలిగిన టెన్షన్ ఈ మధ్య ఏ క్లైమాక్స్ ఫైట్‌లోనూ కలగలేదు.

2022లో ఈ సినిమాకి సన్‌డాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ ప్రైజ్, కాన్ చిత్రోత్సవంలో గోల్డెన్ ఐ అవార్డు వచ్చాయి. అవార్డుల మాట అటుంచండి. మాంజా సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సంక్రాంతి అయిపోయాక చెట్ల కొమ్మలకి, కరెంటు తీగలకి వేలాడే ఆ దారాల్లో పక్షులు చిక్కుకోవడం ఏటా చూస్తున్నదే. ఈ సినిమా చూశాక నేను మేడ మీద గాలిపటం ఎగరేసే పిల్లలకి నూలుదారమే కొనిస్తున్నాను.

‘ఎలిఫెంట్ విస్పరర్స్’ని తక్కువ చేయాలని కాదు. తక్కువ టైమ్‌లో, ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏ సందేహమూ లేకుండా ఆనందించే సినిమా అది. డాక్యుమెంటరీ ఎప్పుడూ చూడనివాళ్లకి మొదటి మెట్టుగా నేనైనా దాన్నే పెడతాను. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, వెతుక్కోనక్కర్లేదు. కానీ రెండోసారి చూసినప్పుడు అందులో కొత్తగా దొరికింది తక్కువ. ‘ఆల్ దట్ బ్రీత్స్’ రెండోసారి చూస్తే నీటి గుంటలో పురుగుల మధ్య కనిపించే విమానం నీడ కళ్లబడింది. మొదటిసారి అక్కడ నాకు పురుగులే కనిపించాయి.

కాబట్టి నా ఓటు గద్దలకే. ఫోన్‌లో మాత్రం చూడకండి. సినిమాలో సగం చీకటి, ఆ చీకట్లో కదిలేవన్నీ చిన్న ప్రాణులు. లైట్లు ఆపేసి, ఇంట్లో ఉన్న పెద్ద టీవీలో, సౌండ్ కాస్త ఎక్కువ పెట్టుకుని చూడండి. మాటలు హిందీలో ఉంటాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే సరిపోతుంది. మొదటి పావుగంట ఓపిక పట్టండి.