పొద్దునా, రాత్రా, గుమస్తానా: వాయిదా పడ్డ పనికి ఏది మేలు?

మాది విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న మ్యాచింగ్ సెంటర్. ఫాల్సులు, లైనింగులు, జాకెట్ ముక్కలు. చీర పట్టుకొచ్చి "సరిగ్గా ఈ రంగే కావాలి" అనేవాళ్లతో పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా కౌంటర్ వదలడానికి ఉండదు. నన్ను బద్ధకస్తుడని ఎవరూ అనరు. అయినా కౌంటర్ కింద అట్టపెట్టెలో మూడు నెలల బిల్లులు ఉంటాయి. బాకీ ఉన్న టైలర్లకు ఫోన్ చేయాలి, చేయను. ఏ రంగు లైనింగ్ ఎంత మిగిలిందో చూడాలి, చూడను.

బిల్లులు, బాకీలు, సరుకు లెక్క. ఈ మూడింటి కోసం రకరకాల దారులు పట్టాను. దేనికి ఏది పనికొచ్చిందో చెబుతాను.

అందరూ చెప్పే సలహా తెల్లవారుజాము. ఐదున్నరకు లేచి బిల్లులు ముందేసుకుంటే నిజంగానే బాగుంటుంది. ఫోన్ మోగదు, బుర్ర తేటగా ఉంటుంది. నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఐదో రోజు లేవలేకపోయాను. షట్టర్ దించి, గల్లా లెక్క చూసుకుని, ఇంటికెళ్లి అన్నం తినేసరికి పదకొండు దాటుతుంది. పడుకునేది పన్నెండుకు. ఆరింటికే ఆఫీసు మూసేవాళ్లకు పొద్దున గంట మిగులుతుందేమో గానీ, కొట్టు వాళ్లకు అది నిద్రలోంచి కోసుకున్న గంట. పెళ్లిళ్ల సీజన్లో అసలు కుదరదు.

రాత్రి షట్టర్ సగం దించి చేసే పని ఇంకోటి. ఆ వేళకి తల పనిచేయదు, చేతులు మాత్రం ఇంకా ఆడుతుంటాయి. కాబట్టి బిల్లులు చూడటానికి రాత్రి పనికిరాదు. జీఎస్టీ అంకెలు ఒకసారి రాత్రి పూట ఎక్కించి రెండు బిల్లులు రెండేసి సార్లు రాశాను. సరుకు లెక్కకు మాత్రం ఇదే మేలు. కొట్టంతా ఒక్కరాత్రిలో తేల్చేద్దామనుకుంటే జన్మలో మొదలుపెట్టం. రాత్రికి సరుకు పెట్టే ఒక్క అర. పది నిమిషాలు, కొట్లో అమ్మాయి లెక్క చదివి చెబుతుంటే నేను రాయడం, అంతే. మొత్తం కొట్టు లెక్క ఆషాఢానికి వదిలేశాను. శ్రావణం వచ్చిందంటే ఇక ఊపిరాడదు.

ఫోన్‌లో టైమర్ పెట్టుకోమని మా మేనల్లుడు చెప్పాడు. 25 నిమిషాలు ఒకే పని, తర్వాత ఐదు నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ కుర్రాడు చదువుకునే రోజుల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతట. చదువుకునేవాళ్లకు సరే. నాకు పన్నెండో నిమిషంలో ఒకావిడ చిలకాకుపచ్చ చీరతో వచ్చింది. "ఇంకో పదమూడు నిమిషాలు ఆగండమ్మా" అంటే పక్క కొట్టుకి వెళ్లిపోదూ?

బాకీల ఫోన్లకు నాకు దారి చూపించింది ఇంకో సంగతి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పినదాని సారం ఇది: "చేయాలి" అనుకోవడం కంటే "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడేసుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువ. ముడి ఎక్కడ వేయాలన్నది మాత్రం మన బజారే నేర్పుతుంది. పొద్దున బోణీ కాకముందు బాకీ అడిగితే అవతలివాళ్లకు కోపం. శుక్రవారం అడిగితే "ఇవాళ లక్ష్మిని బయటికి పంపం" అంటారు. దీపాలు పెట్టాక అడగకూడదు, ఆ వేళ మనకీ తీరిక ఉండదు. అన్నీ తీసేస్తే మిగిలింది మధ్యాహ్నం. మన ఊరి ఎండల్లో రెండింటి నుంచి నాలుగింటి దాకా బజారులో మనిషి కనిపించడు. అందుకే నా ముడి ఇది: క్యారేజీ మూత పెట్టగానే ఒక ఫోన్. ఒక్కటే. రెండోది బుద్ధి పుడితే చేస్తాను.

ఇక బిల్లులు. నా అసలు జబ్బు ఇక్కడే తెలిసింది.

మొదట్లో బిల్లులన్నీ సర్ది జీఎస్టీ చూసే ఆఫీసుకు పంపే పద్ధతి. డబ్బులిచ్చి పని అప్పగించాం కదా, తీరిపోయినట్టేనని అనిపిస్తుంది. కానీ పంపాలంటే ముందు సర్దాలి, ఆ సర్దడమే వాయిదా పడేది. రిటర్న్, అంటే జీఎస్టీ లెక్క, దాఖలు చేసే తేదీ దాటితే రోజుకు 50 రూపాయలు ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆ 50 నన్ను భయపెట్టలేదు. ఒక బొటిక్ ఆవిడ కొట్టుకొచ్చి "అన్నా, మీ బిల్లు మాకు పోర్టల్లో కనపడట్లేదు, మా ఇన్‌పుట్ ఆగిపోయింది" అని నిలబడితే మాత్రం అదే రోజు పని అయిపోయింది. నేను అమ్మకాల రిటర్న్ వేస్తే తప్ప ఆవిడ వైపు ఆ బిల్లు కనిపించదు, కొన్నప్పుడు కట్టిన పన్నును (అదే ఇన్‌పుట్) తన పన్నులోంచి తగ్గించుకోలేదు మరి.

అప్పుడు అర్థమైంది. ఎదురుగా మనిషి నిలబడిన పని నా దగ్గర ఒక్క పూట కూడా ఆగదు. మనిషి లేని పనే పెట్టెలోకి పోతుంది. రోజంతా కౌంటర్ దగ్గర అలవాటైన చేతులివి.

అందుకే పని బయటికి పంపడం మానేసి మనిషినే కొట్టుకి రప్పించాను. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన, నేను బాబాయ్ గారూ అంటాను. బుధవారం మూడింటికి వచ్చి స్టూల్ మీద కూర్చుంటారు. "ఏం బాబూ, పెట్టె తియ్" అంటారు. టీ వచ్చేలోపు సగం అయిపోతుంది. నెలకు ఆయనకిచ్చేది ఆఫీసుకిచ్చిన దానికంటే ఎక్కువే, అయినా నాకు ఇదే మేలు.

మూడు నెలలకోసారి రిటర్నా, నెలనెలానా అన్న ప్రశ్నకూ ఇదే జవాబు. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటనివాళ్లకు మూడు నెలల పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది. మన రాష్ట్రంలో పన్ను తేల్చి కట్టే రిటర్న్ (3బి) గడువు త్రైమాసికం ముగిసిన తర్వాతి నెల 22. మొదటి రెండు నెలలు 25 లోపు చలానాతో పన్ను మాత్రం కట్టాలి. వినడానికి హాయిగా ఉంటుంది, వాయిదా వేసేవాడికి మాత్రం మూడు రెట్లు పెద్ద పెట్టె. నెలనెలా అయితే 11కి అమ్మకాల రిటర్న్, 20కి 3బి. పని ఎక్కువే, పెట్టె చిన్నది. లెక్కలు రోజూ రాసుకునే అలవాటున్నవాళ్లు మూడు నెలలది పెట్టుకోండి. నేను నెలనెలాకే మారాను.

పోయిన నెల బాబాయ్ గారు కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లారు. రెండు బుధవారాలు రాలేదు. ఆ రెండు వారాలూ నేను పెట్టె మూత తీయలేదు.