చలికి వేళ్లు తెల్లబడుతుంటే గ్లవ్స్ మేలా, మాత్ర మేలా?

ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి ఐస్ ట్రే తీసేలోపే రెండు వేళ్లు రెండో కణుపు దాకా పాలిపోతాయి, అక్కడ గీత గీసినట్టు ఆగుతుంది తెలుపు. గిల్లినా సరిగ్గా తెలీదు. తర్వాత నీలం, రక్తం తిరిగొచ్చాక ఎరుపు, మంట, సలుపు. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచ్ వైద్యుడు వివరించాడు కాబట్టి దీన్ని ఆయన పేరుతో రేనాడ్స్ అంటున్నారు. చలికి వేళ్ల రక్తనాళాలు కాస్త ముడుచుకోవడం అందరికీ ఉండేదే. రేనాడ్స్ ఉన్నవాళ్లకి మరీ బిగుసుకుపోతాయి. చామనఛాయ చేతుల మీద పైనుంచి చూస్తే తేడా అంతగా కనపడదు, అరచేతి వైపూ గోళ్ల కిందా చూడాలి.

అందరూ మొదట కొనేది గ్లవ్స్. మంచిదే, కానీ గ్లవ్స్ వేడి పుట్టించవు, ఉన్న వేడిని పోనివ్వవు, అంతే. రక్తమే రాని వేలికి తొడిగితే ఏం ఒరుగుతుంది? ఒంటికి చలేస్తే శరీరం ముందు గుండె, కాలేయం లాంటి లోపలి అవయవాల వేడి కాపాడుకుంటుంది, అందుకోసం వేళ్లకి రక్తం తగ్గించేస్తుంది. కాబట్టి ఖరీదైన గ్లవ్సా, లోపల వేసుకునే థర్మల్ బనీనా అంటే నా ఓటు బనీనుకే. దానికి తోడు మంకీ క్యాప్, సాక్స్. ఏసీ ఆఫీసులో శాలువా కప్పుకుంటే నవ్వేవాళ్లు నవ్వనీ. గ్లవ్స్‌లో కూడా వేలికో గది ఉన్నవాటికన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ మేలు, వేళ్లు ఒకదాని వెచ్చదనం ఒకటి పంచుకుంటాయి. షికాగో, టొరంటో చలిలో ఉండే మనవాళ్లయితే ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడే తొడుక్కుని బయల్దేరాలి, బస్టాపులో కాదు.

వేళ్లు తెల్లబడ్డాక వేడినీళ్లా, గోరువెచ్చని నీళ్లా? గోరువెచ్చనివే. మొద్దుబారిన వేలికి వేడి తెలీదు, కాలి బొబ్బలెక్కాక తెలుస్తుంది. నీళ్లు దొరక్కపోతే చేతులు చంకల్లో పెట్టుకోవచ్చు.

ఇక మాత్రలు. కొత్తది మొదలుపెట్టే ముందు ఇప్పటికే వాడుతున్నవి చూసుకోవాలి. మైగ్రేన్‌కి ఇచ్చే ప్రొప్రనలాల్, ముక్కు దిబ్బడ మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ లాంటివి వేళ్ల రక్తనాళాలని ఇంకా బిగించగలవు. అలాంటిది డాక్టర్‌తో మాట్లాడి మార్చుకుంటే కొందరికి రెండో మాత్ర అక్కర్లేకపోవచ్చు. సొంతంగా మాత్రం ఆపకూడదు.

వెచ్చదనం చాలనప్పుడు సాధారణంగా రాసేది నిఫెడిపిన్. బీపీ మాత్రే, రక్తనాళాల గోడల్లోని కండరాన్ని వదులు చేస్తుంది. మెల్లగా పనిచేసే రిటార్డ్ రకం నయం, మామూలు రకంతో ఒక్కసారిగా తలనొప్పి, ముఖంలోకి ఆవిర్లు రావచ్చు. అదీ పడనివాళ్లకి ఆమ్లోడిపిన్ ఇస్తారు: రోజుకొకటి చాలు, చవక, కాకపోతే కొందరికి చీలమండలు వాస్తాయి. ఏది వాడినా వేళ్లు తెల్లబడటం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పైగా అసలే బీపీ తక్కువుండే సన్నపాటి అమ్మాయిల్లో ఈ జబ్బు ఎక్కువ, వాళ్లకి మాత్రతో కళ్లు తిరగొచ్చు. వాళ్లు ముందు బట్టలతోనే నెట్టుకొచ్చి, మాత్ర అవసరమైతే చలికాలం వరకే వాడుకోవడం నయమనిపిస్తుంది నాకు.

ఈ బేరీజంతా వేరే జబ్బేదీ లేకుండా, పదిహేను, ముప్పై ఏళ్ల మధ్య, రెండు చేతులకీ ఒకేలా మొదలయ్యే రకానికే. నలభై దాటాక కొత్తగా వచ్చినా, ఒక చేతికే వచ్చినా, చర్మం బిగుసుకుంటున్నా, కీళ్లు వాస్తున్నా వెనక స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు), లూపస్ (శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బు) లాంటివి ఉండొచ్చు. ఇలాంటి జబ్బులు, కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్ట్ గోటి మొదట్లోని సన్నటి రక్తనాళాలని భూతద్దంలాంటి పరికరంతో చూసి, శరీరం తన మీద తానే దాడి చేసుకుంటోందేమో సూచించే ఏఎన్ఏ రక్తపరీక్ష రాస్తారు. బీడీ, సిగరెట్ తాగే కుర్రాళ్లకి వేళ్లు చల్లబడి నొప్పి పెడితే పొగాకు వల్ల చేతుల, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్స్ జబ్బు అయ్యుండొచ్చు, అక్కడ పొగ మానకుండా ఏ మాత్రా వేళ్లని నిలబెట్టదు. వేలి కొన నల్లబడినా, పుండు పడినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

డాక్టర్ దగ్గర కూర్చునేసరికి వేళ్లు మామూలైపోతాయి. తెల్లబడినప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, వాడుతున్న మాత్రల అట్టలు కూడా పట్టుకెళ్లండి.