కంప్యూటర్ ఆన్ చేయగానే ఫ్యాన్ మోత: హన్మకొండలో ఇంటికొచ్చి చేసిన రిపేరు

నాది హన్మకొండలో డీటీపీ పని. పెళ్లికార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాను. మాఘమాసం ముహూర్తాల ముందు సిస్టమ్ ఒక్కరోజు మూలన పడినా ఎవరో ఒకరి కార్డులు ఆగిపోతాయి. సరిగ్గా ఆ చలిరోజుల్లోనే, పొద్దున స్విచ్ వేయగానే గరగరమని మోత మొదలైంది. పది నిమిషాల్లో అదే సద్దుమణిగేది. ఆ తర్వాత సాయంత్రం దాకా కోరల్ డ్రా, పేజ్‌మేకర్ ఎంత నడిపినా చప్పుడు లేదు. మర్నాడు పొద్దున మళ్లీ అదే గోల.

చౌరస్తా దగ్గర్లో చిన్న షాపు పెట్టుకుని, ఇళ్లకు కూడా వచ్చి రిపేర్లు చేసే ఒక అన్న దీన్ని బాగుచేశాడు. ఆయన పనితీరు నాకు బాగా నచ్చింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అంతకుముందు సీపీయూని ఆటోలో పెట్టుకుని ఇంకో షాపుకు తీసుకెళ్లాను. అప్పటికి పొద్దుటి నుంచీ నడిచి వేడి మీద ఉంది, అక్కడ ఆన్ చేస్తే ఏ చప్పుడూ రాలేదు. కౌంటర్ దగ్గరున్నతను పక్క డోరు కూడా విప్పకుండానే సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా మార్చాలన్నాడు, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ కూడా కొత్తది వేసుకుంటే మంచిదని రెండున్నర వేలు చెప్పాడు. వినని చప్పుడుకు మందు ఎలా చెప్తారో నాకు అర్థం కాలేదు. డబ్బా తిరిగి తెచ్చేసుకున్నాను.

ఈ అన్న నంబరు నాకు ప్రశ్నపత్రాలు ఇచ్చే సార్ ఇచ్చారు. ఫోన్‌లో ముందు అడిగింది మోడల్ నంబరు కాదు. "చప్పుడు ఎంతసేపుంటది చెల్లె? ఒక్క సెకను బుస్సుమని పోతదా, లేకుంటే సాగుతదా? పని ఎక్కువైనప్పుడు వస్తదా, చల్లగున్నప్పుడే వస్తదా?" నేను చెప్పింది మొత్తం విని, "అయితే రాత్రి బంద్ చేసి పెట్టు. పొద్దుగాల నేనొచ్చినంకనే ఆన్ చేయాలె" అన్నాడు. ఆ మాటతోనే నాకు సగం టెన్షన్ తగ్గింది. చల్లబడినప్పుడు మాత్రమే వచ్చే చప్పుడును చల్లబడినప్పుడే వినాలి కదా.

చెప్పినట్టే పొద్దున వచ్చాడు. డోరు విప్పి, నా టేబుల్ మీదున్న ఏ4 కాగితం ఒకటి తీసుకుని గొట్టంలా చుట్టి చెవికి పెట్టుకున్నాడు. ఆన్ చేయమన్నాడు. ఎస్ఎంపీఎస్ దగ్గర ఒకసారి, ప్రాసెసర్ మీదున్న ఫ్యాన్ దగ్గర ఒకసారి, వెనకాల క్యాబినెట్ ఫ్యాన్ దగ్గర ఒకసారి విన్నాడు. తర్వాత ఆ గొట్టం నాకే ఇచ్చి వినమన్నాడు. వెనక ఫ్యాన్ దగ్గర పెట్టగానే గరగర నేరుగా చెవిలోకి కొట్టింది, మిగతా రెండూ మామూలుగా తిరుగుతున్నాయి. ఖాయం చేసుకోవడానికి సిస్టమ్ ఆపి, ఆ వెనక ఫ్యాన్ వైరు ఒక్కటే పీకి మళ్లీ ఆన్ చేశాడు. మోత లేదు. ఎస్ఎంపీఎస్ జోలికే పోలేదు. దాని మూత మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదని, ప్లగ్ పీకేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుందని గట్టిగా చెప్పాడు.

పాడైన ఫ్యాన్ విప్పి, మధ్యలో ఉన్న స్టిక్కర్ ఊడదీసి చూపించాడు. లోపల నూనె ఉండాల్సిన చోట నల్లటి జిగురు గట్టిపడి ఉంది. క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఫ్యాన్లు ఎక్కువగా ఇలా బుష్‌వే, అంటే ఇరుసు నూనె రాసిన చిన్న గొట్టంలో తిరిగేవే, ఉంటాయట. ఏళ్లు గడిచేకొద్దీ నూనె ఆరి, బుష్ అరిగి, ఇరుసు వదులవుతుంది. చలికి మిగిలిన ఆ కాస్త నూనె చిక్కబడితే రెక్కలు వణుకుతూ తిరుగుతాయి. తిరిగి తిరిగి వేడెక్కాక అదే పలచబడి పరుచుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. నా పది నిమిషాల మోత వెనకున్న సంగతి ఇదీ. పైగా ఆ ఫ్యాన్‌ను మొదట బిగించినవాళ్లు ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే మోలెక్స్ అనే కరెంటు వైరుకు నేరుగా తగిలించారు. దాంతో అది ఎప్పుడూ 12 ఓల్టుల మీద పూర్తి వేగంతోనే తిరిగేది, మదర్‌బోర్డు చేతిలో దానికి కళ్లెం లేదు.

ఎదురింటి పెద్దమ్మ అప్పటికే కొబ్బరినూనె చుక్క వేయమని సలహా ఇచ్చి ఉన్నారు. అదే అడిగాను. అస్సలు వద్దన్నాడు. చలికాలం సీసాలో గడ్డకట్టే నూనె బుష్‌లో మాత్రం గడ్డకట్టదా? వేస్తే కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయాలి, అదీ కొన్ని నెలలే పనిచేస్తుంది, అరిగిన బుష్‌ను నూనె బాగుచేయదు. నూనె వేయాలా, కొత్తది వేయాలా అన్నది నాకే వదిలేశాడు. సీజన్ మధ్యలో మళ్లీ ఈ తలనొప్పి పెట్టుకోలేను, కొత్తదే వేయమన్నాను. సంచీలోంచి ఆర్కిటిక్ పీ12 తీశాడు. 120 మిల్లీమీటర్లది, నాలుగు పిన్నులది, నిమిషానికి 200 నుంచి 1800 చుట్ల దాకా బోర్డు చెప్పినట్టు తిరుగుతుంది. నూనె లోపలే మూసి ఉండే ఫ్లూయిడ్ బేరింగ్ కాబట్టి బుష్ ఫ్యాన్‌లా తొందరగా ఎండిపోదట. ఈసారి వైరును బోర్డు మీదున్న పిన్నులకే పెట్టాడు.

ఎలాగూ విప్పాడు కాబట్టి ప్రాసెసర్ కూలర్ కూడా శుభ్రం చేయమన్నాను. ఆయన చేతి నైపుణ్యం నేను చూసింది ఇక్కడ. నాది రైజెన్ 5 3600. ఇలా ఏఎం4 అనే సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్లకు 1331 పిన్నులు అడుగునే ఉంటాయి. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్టు ఎండి అతుక్కుపోయిందంటే, పైకి లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చే ప్రమాదముంది, పిన్నులు వంగొచ్చు. అందుకే కాసేపు సిస్టమ్ మీద బరువైన ఫైలు నడిపించి పేస్టు మెత్తబడనిచ్చాడు. ఆపి, ప్లగ్ పీకి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ కదిలించాడు. అది తనంతట తనే వదిలిన తర్వాతే పైకెత్తాడు. రేకుల మధ్య దుమ్ము దళసరి గుడ్డలా పేరుకుపోయి ఉంది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకునే కొట్టాడు. గాలికి ఫ్యాన్ ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ దెబ్బతింటుందట. పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి బిగించాడు.

చివరగా బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి వెనక ఫ్యాన్‌కు వేగాలు పెట్టాడు: 50 డిగ్రీల లోపు నెమ్మదిగా, 70 దాటితే పూర్తిగా. ఇప్పటికీ స్విచ్ వేయగానే ఒక్క క్షణం బుస్సుమంటుంది. అది లోపం కాదు, బయోస్ పగ్గాలు అందుకునే లోపు ఫ్యాన్లకు పూర్తి కరెంటు అందడం వల్ల వచ్చేది. ఈ సంగతి వెళ్లేముందే చెప్పాడు కాబట్టి మర్నాడు పొద్దున నేను కంగారుపడలేదు. ఆ క్షణం దాటితే గదిలో సీలింగ్ ఫ్యాన్ చప్పుడే వినిపిస్తుంది. సిస్టమ్ నడుస్తోందా లేదా అని లైటు చూసుకున్న రోజులున్నాయి.

ఖర్చు: ఫ్యాన్ 650, ఇంటికి వచ్చినందుకు 300, శుభ్రం చేసి పేస్టు పెట్టినందుకు 200. మొత్తం 1150. ముందు చెప్పిన రేటుకు ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు, పాత ఫ్యాన్ కూడా నా చేతికే ఇచ్చాడు.

నచ్చనివి రెండున్నాయి. బిల్లు చిత్తు కాగితం మీద రాసిచ్చాడు. ఫ్యాన్‌కు కంపెనీ వారంటీ ఉన్నప్పుడు తేదీ, షాపు ముద్ర ఉన్న బిల్లు ఇవ్వాలి. నేను అడిగాక మర్నాడు షాపు నుంచి పంపించాడు. మీరు ముందే అడిగి తీసుకోండి. రెండోది, లోపల వైర్లను సర్ది కట్టలేదు. ఫ్యాన్ రెక్కలకు వైరు తగిలినా ఇలాంటి చప్పుడే వస్తుందని ఆయనే చెప్పాడు, కాబట్టి ఒక్క ట్యాగ్ వేసి ఉంటే బాగుండేది. నేనే తర్వాత వేసుకున్నాను.

పొద్దున పది లోపు ఫోన్ ఎత్తడు, సాయంత్రం చేస్తే మర్నాటికి టైమ్ ఇస్తాడు. డెస్క్‌టాప్‌లకైతే కళ్లు మూసుకుని పిలవచ్చు. ల్యాప్‌టాప్ ఫ్యాన్లు మాత్రం చేయనని మొహం మీదే చెప్పేస్తాడు, వాటికి వేరేవాళ్లను చూసుకోవాలి.