గోధుమ లేని శొంఠి వాఫిల్స్: ఐదు చలికాలాలు చేశాక

మా అబ్బాయికి ఏడేళ్లప్పుడు సీలియాక్ అని తేలింది, అంటే గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పేగులకు పడని జబ్బు. ముందు రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ చేశారు. ఆపైన డాక్టర్ గారు చెప్పిన మందు ఒక్కటే: గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం జీవితాంతం ముట్టుకోకూడదు. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో. ఇక్కడ డిసెంబర్ ఆఖర్లో బడికి సెలవులిస్తారు. ఆ రోజుల్లో పిల్లలంతా ఎవరో ఒకరింట్లో చేరి రాత్రి అక్కడే పడుకుంటారు. పొద్దున లేచేసరికి ఇల్లంతా అల్లం, దాల్చినచెక్క వాసన వేస్తూ వాఫిల్స్, అంటే గళ్ల ప్లేట్ల మధ్య పిండి పోసి కాల్చే మందపాటి అట్లు, తయారవుతుంటాయి. ఆ ఏడాది మావాడు స్నేహితుడి ఇంట్లో నేను డబ్బాలో పెట్టిచ్చిన ఇడ్లీ తిని వచ్చాడు. ఎలా జరిగిందిరా అంటే "బాగుంది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడు మొదలుపెట్టాను. ఇప్పటికి ఐదు చలికాలాలు అయ్యాయి. ఈ లోపు రెండు వాఫిల్ మేకర్లు వాడాను, ఎన్నో రకాల పిండి కలిపి చూశాను. కొత్తగా ఈ దారిలోకి వచ్చిన అమ్మానాన్నలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు వాఫిల్ మేకర్ సంగతి. మా ఇంట్లో అప్పటికే ఒకటి ఉండేది, దాంట్లో ఏళ్లుగా గోధుమ పిండి వాఫిల్సే వేశాం. గళ్ల మూలల్లోనూ, మూత కీలు దగ్గరా పాత పిండి ఎండి అతుక్కుని ఉంటుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు. సీలియాక్ ఉన్న పిల్లల కడుపు పాడవడానికి ఆ కాస్త చాలు. దాన్ని వేరేవాళ్లకి ఇచ్చేసి కొత్తది కొన్నాను. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా చూసుకోండి, ఇక్కడ మాత్రం వద్దు. టోస్టర్ కూడా అంతే, వాడిది వేరుగా ఉండాల్సిందే.

మొదట కొన్నది లోతైన గళ్లున్న బెల్జియన్ రకం. చూడ్డానికి చాలా బాగుండేది. కానీ గ్లూటెన్ లేని పిండికి ఆ లోతు కలిసిరాలేదు. పైన ఎర్రగా కాలినా లోపల జిగటగా ఉండిపోయేది. పైగా ప్లేట్లు ఊడి రావు, కడగాలంటే తడిగుడ్డే గతి. రెండో చలికాలం చివరికి నాన్‌స్టిక్ పూత లేచిపోయింది. అంటుకోకుండా డబ్బా నూనె స్ప్రే కొట్టేదాన్ని. అందులో కలిపే లెసిథిన్ అనే పదార్థం వేడికి మాడి జిగురులా పేరుకుంటుందని, దాన్ని గీకుతుంటే పూత కూడా లేస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు స్ప్రే జోలికి వెళ్లను, చిన్న సిలికాన్ బ్రష్‌తో మామూలు నూనె రాస్తాను.

ప్రస్తుతం వాడుతున్నది గళ్లు లోతు తక్కువగా, సన్నగా ఉండే పాత అమెరికన్ రకం. ప్లేట్లు ఊడదీసి సింకులో కడుక్కోవచ్చు. మూడు చలికాలాలు అయినా పూత చెక్కుచెదరలేదు. ఒక్కటే లోపం, వాఫిల్ కాలిందని చెప్పే పచ్చలైటు తొందరగా వెలుగుతుంది. లైటు చూసి తెరిస్తే వాఫిల్ రెండుగా చీలి సగం పైప్లేటుకి, సగం కిందిప్లేటుకి అతుక్కుంటుంది. అందుకే నేను లైటు చూడటం మానేసి ఆవిరిని చూస్తాను. పిండి పోసి మూతేయగానే నాలుగు వైపులా తెల్లగా బుస్సుమంటూ ఆవిరి వస్తుంది. రెండు నిమిషాలకు అది సన్నబడి ఒక్క మూల నుంచే దారంలా లేస్తుంది. అప్పుడు కూడా చెయ్యి పెట్టొద్దు. ఆ దారం కూడా తెగిపోయి, దాల్చినచెక్క వాసన పోయి బెల్లం కాస్త మాడినట్టు తియ్యటి వాసన తగిలాక మూత ఎత్తితే వాఫిల్ తనంతట తానే ప్లేటు వదిలేస్తుంది. బరువుగా అనిపిస్తే ఇంకో అర నిమిషం ఉంచండి.

ఇక పిండి. మొదట్లో కొట్లో దొరికే మిక్సులు కొనేదాన్ని. కొనేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో గోధుమ ఉంటే లేబుల్ మీద తప్పకుండా చెప్పాలి, బార్లీకి ఆ నియమం లేదు. వాఫిల్ మిక్సుల్లో రుచి కోసం మాల్ట్ కలపడం ఇక్కడ పాత అలవాటు, మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, చాలావరకు బార్లీయే. కాబట్టి "గోధుమ లేదు" అని రాసుంటే చాలదు, "గ్లూటెన్ ఫ్రీ" అనే ఉండాలి. ఆ మాట వేయాలంటే ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం కిలోలో 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువ గ్లూటెన్ ఉండాలి. ఓట్స్ కూడా ఆ ముద్ర ఉన్నవే కొంటాను, మామూలు ఓట్స్‌లో పొలం దగ్గరా మిల్లు దగ్గరా గోధుమ కలుస్తుంది.

మిక్సులతో వాఫిల్స్ వచ్చేవి, కానీ పంటికింద సన్నటి ఇసుకలా తగిలేది. పిండిని పట్టి ఉంచడానికి వేసే జాంతన్ గమ్ అనే జిగురు పొడి కలిపి చూశాను, ఇసుక పోలేదు సరికదా, సాగుడు కూడా వచ్చింది. మూడో చలికాలంలో పెద్దాపురం నుంచి మా అత్తయ్య వచ్చారు. నేను పిండి కలిపి వెంటనే పోస్తుంటే పక్కన నిలబడి చూసి, "అదేంటమ్మా, బియ్యప్పిండి నానొద్దూ? దాన్ని కాసేపు అలా వదిలెయ్" అన్నారు. ఆ రోజు 20 నిమిషాలు పక్కన పెట్టాను. ఇసుక పోయింది! బియ్యప్పిండి నీళ్లు తాగడానికి గోధుమ పిండి కన్నా ఎక్కువసేపు తీసుకుంటుంది. అట్లు పోసుకునే ఇంట్లో పుట్టి కూడా, వాఫిల్ అనగానే నాకది తట్టలేదు.

ఇప్పుడు నేను వేసే లెక్క ఇది. ముడిబియ్యం పిండి 120 గ్రాములు, జొన్నపిండి 100, టాపియోకా పిండి 60. టాపియోకా అంటే కర్రపెండలం, పెద్దాపురం చుట్టుపక్కల మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేది దాంతోనే. అత్తయ్యకి ఆ ప్యాకెట్ చూపిస్తే ఎంత సంతోషించారో! జొన్నపిండి తప్పకుండా ఉండాలి, గోధుమకి దగ్గరగా ఉండే ఆ కమ్మదనం దానివల్లే వస్తుంది. బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూన్, కరిగించిన వెన్న 85 గ్రాములు, పాలు 380 మిల్లీలీటర్లు, గుడ్లు మూడు. గుడ్ల తెల్లసొన విడిగా నురగొచ్చేలా గిలక్కొట్టి, పిండి నానాక చివర్లో మెల్లగా కలుపుతాను. గ్లూటెన్ లేనప్పుడు వాఫిల్‌ని పైకి లేపి నిలబెట్టేది ఆ నురగే. కొలతలు కప్పులతో కాకుండా తూకం వేసి తీసుకోండి. కప్పుతో తీస్తే నాకు ఒక్కో ఆదివారం ఒక్కోలా వచ్చేది.

మసాలా దగ్గర కూడా అత్తయ్య చెయ్యి పడింది. ఇక్కడి పద్ధతిలో అల్లం పొడి, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వేసి, తీపికి నల్లటి మొలాసిస్, అంటే చక్కెర తయారీలో మిగిలే చిక్కటి పాకం, పోస్తారు. క్రిస్మస్‌కి చేసే జింజర్‌బ్రెడ్ అనే అల్లం కేకు రుచి దాంట్లోంచే వస్తుంది. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. కానీ మొలాసిస్ ప్లేట్లకి అంటుకుని త్వరగా మాడేది. ఇప్పుడు ఒక చెంచా మొలాసిస్ మాత్రం రంగు కోసం ఉంచి, మిగతా తీపికి 60 గ్రాముల బెల్లం పాలల్లో కరిగించి వడగట్టి పోస్తున్నాను. వేడి పాలల్లో బెల్లం వేస్తే విరుగుతాయి, గోరువెచ్చగా ఉన్నప్పుడే కరిగించాలి. డబ్బా అల్లం పొడి బదులు శొంఠి కొమ్ము దంచి జల్లించి రెండు టీస్పూన్లు వేస్తాను. ఆ ఘాటు గొంతు దాకా వెచ్చగా దిగుతుంది, బయట మంచు పడుతున్నప్పుడు ఎంతో హాయిగా ఉంటుంది. దాల్చినచెక్క పొడి రెండు టీస్పూన్లు, జాజికాయ పావు టీస్పూన్ అప్పటికప్పుడు గీరి వేయాలి. లవంగాలు నాలుగు మించొద్దు, మించితే నాలుక మొద్దుబారుతుంది.

మన ఇళ్లకు సంబంధించి ఒక జాగ్రత్త. మసాలా డబ్బాలో చెంచా ఒకటే ఉంటుంది కదా, అది ఇంగువకూ తిరుగుతుంది. కొట్లో అమ్మే కూటు ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. మావాడికి తిండి ఎంత జాగ్రత్తగా పెట్టినా రెండు నెలల పాటు కడుపునొప్పి తగ్గకపోతే, నేను లేబుళ్లన్నీ మళ్లీ చదువుతూ పోతే ఇంగువ డబ్బా దగ్గర దొరికింది. రోజూ పోపులో వేస్తున్నది అదే. ఆ రోజు ఎంత ఏడ్చానో. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ వాడుతున్నాం, వాఫిల్ మసాలాలకు సీసాలూ చెంచాలూ వేరే.

కాలిన వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చితే చెమటపట్టి మెత్తబడతాయి. జల్లెడలాంటి ఇనుప రాక్ మీద పరిచి, 200 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో పెడితే ఆఖరి వాఫిల్ అయ్యేదాకా మొదటిది కరకరలాడుతూనే ఉంటుంది. మిగిలినవి విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేసుకుంటాను. నెల దాకా బాగుంటాయి. ఆ తర్వాత శొంఠి ఘాటు తగ్గిపోతుంది.

పోయిన డిసెంబర్‌లో ఆరుగురు పిల్లలు మా ఇంట్లో పడుకున్నారు. పొద్దున ఒకే పళ్లెంలో వాఫిల్స్ అన్నీ పెట్టాను. మావాడు అలవాటుగా నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అమ్మా, వీటిలో నావి ఏవి?" అని అడిగాడు. అన్నీ నువ్వు తినేవే కన్నా అన్నాను. కాసేపు పళ్లెం వైపు చూసి, అందరికన్నా ముందు చెయ్యి పెట్టి పెద్దది తీసుకున్నాడు. రెండో విడత వాడే వేశాడు, మూత పక్కన మొహం పెట్టి ఆవిరి చూస్తూ, "ఇంకా తెరవొద్దు, ఇంకా వస్తోంది" అని స్నేహితులకి చెబుతూ.