జాగ్రత్త: ప్లస్ మేజ్ కొనేవారు ముందు కొలత టేపు తీయండి

భీమవరం చుట్టుపక్కల ఫార్మసీ కళాశాలల్లో, ప్రయోగశాల పరికరాలు అమ్మే ఈ విక్రేతను ఎరగనివారు ఉండరు. సెమినారు జరిగిన ప్రతిచోటా గుమ్మం దగ్గర బల్ల వేసి, కేటలాగుతో పాటు ఆత్రేయపురం పూతరేకులు పంచే పెద్దమనిషి. ఆ పూతరేకులు నేనూ తిన్నాను కనుక మొదటి తప్పు నాదే.

చిట్టెలుకల్లో ఆందోళనను కొలిచే ఎలివేటెడ్ ప్లస్ మేజ్ (నేలకు ఎత్తున, కూడిక గుర్తు ఆకారంలో నాలుగు ఆర్మ్‌లు, అంటే చేతుల్లాంటి బల్లలు, ఉండే పరికరం) కోసం 18,000 రూపాయలు ముందుగానే పూర్తిగా చెల్లించాను. ఒక్కో ఆర్మ్ 30 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు అని కొటేషన్‌లో స్పష్టంగా ఉంది. పెట్టె వచ్చింది, బిగించాము, కొలవలేదు.

కాలువగట్టు సరస్వతి ఆకు సారంపై మా విద్యార్థిని చేస్తున్న పనికి ఆరేసి చొప్పున మూడు గుంపులు (మందు ఇవ్వనివి, డయాజెపామ్ ఇచ్చినవి, సారం ఇచ్చినవి), మొత్తం 18 స్విస్ ఆల్బినో చిట్టెలుకలు. ఒక్కొక్కదాన్ని మేజ్ నడుమ వదిలి, 5 నిమిషాల్లో గోడలున్న క్లోజ్డ్ ఆర్మ్‌లలో ఎంతసేపు ఉంది, గోడలు లేని ఓపెన్ ఆర్మ్‌ల పైకి ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కపెట్టాము. ఎత్తుకూ ఆరుబయటకూ జంకే ప్రాణి కనుక మందు ఇవ్వనిది ఎక్కువసేపు గోడల చాటునే ఉండాలి, ఆందోళన తగ్గించే డయాజెపామ్ ఇచ్చినది బయటికి రావాలి. మా దగ్గర మాత్రం ఈ రెండు గుంపులూ ఒకే తీరున ఓపెన్ ఆర్మ్‌లపై షికార్లు చేశాయి. డయాజెపామ్ పాడైందేమోనని రెండు రోజులు ఆంప్యూళ్ల బ్యాచ్ నంబర్లు తిరగేస్తూ కూర్చున్నాను. చివరికి మా అటెండరు గారే టేపు తెచ్చి పరిచారు: 50 పొడవు, 10 వెడల్పు. అది పెద్ద ఎలుకల మేజ్! అంత వెడల్పు బల్ల మీద చిట్టెలుక అంచు జోలికి పోకుండానే తిరిగి రాగలదు.

ఒళ్లు మండించినది ఆ తర్వాతి ఫోను. కొలతలు చదివి వినిపించాను. అవతల కాసేపు మాట లేదు, ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ పైన, "ఆయ్, ఎలక్కి అంగుళాలు తెలుస్తాయేటండీ? పెద్దదే పంపాం, మీకే లాభం కదండీ" అని నవ్వారు. కొటేషన్ సంగతి ఎత్తితే బిల్లు చూసుకోమన్నారు. బిల్లులో "రోడెంట్ మేజ్, ఒకటి" అని ఉంది. చిట్టెలుకకూ పెద్ద ఎలుకకూ చెల్లే మాట, ఎంత తెలివి! దాని కింద సంతకం నాదే.

డబ్బు సంగతి అటుంచండి. ఒకసారి ప్లస్ మేజ్ ఎక్కిన చిట్టెలుకను మళ్లీ ఎక్కిస్తే డయాజెపామ్ వంటి మందు ప్రభావం కూడా సరిగా కనబడదు కనుక, ఆ 18 ఇక ఈ పరీక్షకు పనికిరావు. మరో 18 ఇప్పించమని ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటూ, కారణం అనే గడిలో "కొలవలేదు" అని నా చేత్తో నేనే రాయాలి.

కొనదలచినవారు సగం డబ్బు ఆపి ఉంచండి, బిల్లులో "మౌస్" అనే మాటనూ సెంటీమీటర్లనూ రాయించుకోండి, జంతువును పంజరం నుంచి తీయకముందే టేపు పెట్టండి. ఆయన ఈ శనివారం కాకినాడ సెమినారుకు వస్తున్నారట. బల్ల గుమ్మం దగ్గరే ఉంటుంది.